వర్చువల్ ప్రపంచాల్లో రోజూ గడిపేవాళ్ళు చెప్పండి, లాభమా నష్టమా? (మావాడి రోబ్లాక్స్ గొడవ)

బెజవాడ_బుల్లోడు | రాత్రి 9:42
అందరికీ నమస్తే. మావాడు ఏడో తరగతి పరీక్షలు రాసి సెలవుల్లో ఉన్నాడు. పొద్దున ఇడ్లీ తింటూ రోబ్లాక్స్ అనే ఆన్‌లైన్ ఆట, మధ్యాహ్నం వాళ్ళమ్మ కాస్త నడుం వాలిస్తే రోబ్లాక్స్, రాత్రి కరెంటు పోతే మొబైల్ డేటా మీద అదే. మా ఆవిడ డిలీట్ చేసి పారేయండి అంటుంది. నాకేమో ఆ మాట అనడానికి నోరు రావట్లేదు, ఎందుకంటే ఇంటర్లో నేను బీసెంట్ రోడ్డు పక్క సందులో నెట్ సెంటర్లో కూర్చుని కౌంటర్ స్ట్రైక్ ఆడినోణ్ణే. కాకపోతే మేం ఆడింది పక్క కుర్చీలో ఉన్నోడితో, ఎక్కువ చేస్తే లేచి నెత్తిమీద ఒకటి పీకేవాళ్ళం, అయిపోయేది. వీడు ఎవరితో ఆడుతున్నాడో నాకు తెలీదు. మొన్న "నీ ఫ్రెండ్ పేరేంట్రా" అంటే "పేరు తెలీదు డాడీ, వాడికి నీలం రెక్కలుంటాయి" అన్నాడు. అదీ సంగతి.

సెకండ్ లైఫ్, మైన్‌క్రాఫ్ట్, వీఆర్‌చాట్, ఇలా జనం బొమ్మల రూపంలో కలిసే ఏ ఆన్‌లైన్ ప్రపంచమైనా సరే, వాటిల్లో నిజంగా రోజూ ఉండేవాళ్ళు చెప్పండి. మీకేం ఒరిగింది, ఏం పోయింది? క్లాసులు పీకొద్దు ప్లీజ్, అవి ఇంట్లో ఉచితంగా దొరుకుతున్నాయి.

నిద్రలేని_కోడర్ | రాత్రి 10:05
అన్నా ముందు ఒక మాట, రోబ్లాక్స్ అంటే ఒక గేమ్ కాదు. 2006 నుంచి ఉన్న ప్లాట్‌ఫామ్ అది, అందులో జనాలు తయారుచేసిన గేములు లక్షల్లో ఉంటాయి. కాబట్టి "రోబ్లాక్స్ ఆడుతున్నాడు" అంటే "బజారుకెళ్ళాడు" అన్నట్టే, ఏ కొట్లో కూర్చున్నాడో అడగాలి. దాంతోపాటే స్టూడియో అని ఫ్రీగా వస్తుంది, దాంట్లో లూఆ లాంటి భాషలో కోడ్ రాసి సొంతంగా గేమ్ కట్టొచ్చు. మావాడికి (అక్క కొడుకు) వేరియబుల్ అంటే ఏంటో స్కూల్లో చెప్పకముందే తలుపు తెరుచుకునే స్క్రిప్టు రాయడం వచ్చేసింది. అది లాభం, కాదనలేం.

అయితే "పిల్లలు డబ్బులు సంపాదించేస్తున్నారు" అని యూట్యూబ్‌లో చూపిస్తారు చూడండి, అక్కడ ఆగాలి. సంపాదించిన రోబక్స్‌ని (అందులో చెల్లే డబ్బు) నిజం డబ్బు చేసుకోవాలంటే కనీసం 30,000 రోబక్స్ ఉండాలి, వయసు 13 దాటాలి. పైగా మనం కొనేటప్పుడు ఒక్కో రోబక్ దాదాపు ఒక సెంటు పడుతుంది, వాళ్ళు మన దగ్గర తిరిగి తీసుకునేటప్పుడు అర సెంటు కూడా ఇవ్వరు. మధ్యలో మిగిలేది ఎవరిదో మీరే అర్థం చేసుకోండి.

సీమ_సెటైర్ | రాత్రి 10:21
లాభమంట లాభం. పక్కింట్లో ఎవురుండారో తెలీదు గానీ నీలం రెక్కలోడు ఫ్రెండంట. ఫేస్‌బుక్ కంపెనీ ఐతే 2021లో పేరే మార్చుకొనె, మెటా అని. ఇంగ అందరమూ వీఆర్ కళ్ళజోళ్ళు (పెట్టుకుంటే బొమ్మల ప్రపంచం చుట్టూరా కనపడేటివి) పెట్టుకోని ఆడే బతుకుతాము, ఆఫీసూ ఆడే, పెండ్లీ ఆడే అన్యారు. కోట్ల డాలర్లు కుమ్మరిచ్చి చేసిన బొమ్మలకి మొదట్లో కాళ్ళు గూడ లేకపాయె, నడుము కాడికి ఆగిపోయి గాల్లో తేల్తాండె. ఆ వీఆర్ విభాగానికి 2024 ఒక్క సంవత్సరంలోనే 17 బిలియన్ డాలర్ల పైన నష్టం. అంత పోసినా జనం పోలేదంటే యాడో తేడా ఉండాది కదా అప్పా.

డాలస్_అత్త | రాత్రి 10:58
సెటైర్ గారూ, ఆ కళ్ళజోడు సంగతి వేరు, పిల్లలు ఆడేవాటికి కళ్ళజోడు అక్కర్లేదు. మా ఇంటి సంగతి చెప్తాను.

మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, పదేళ్ళు. గుంటూరులో మా తమ్ముడి కొడుకు పదకొండేళ్ళు. వాట్సాప్ వీడియోలో పెడితే ఇద్దరూ "హాయ్", "తిన్నావా", ఆ తర్వాత మొహాలు చూసుకుంటూ కూర్చునేవాళ్ళు, ఫోను పెద్దవాళ్ళ చేతికొచ్చేసేది. ఇప్పుడు మాకు శనివారం రాత్రి తొమ్మిది, వాళ్ళకి ఆదివారం పొద్దున ఏడున్నర, ఆ టైముకి బ్లాకులు పేర్చి ఇళ్ళూ ఊళ్ళూ కట్టే మైన్‌క్రాఫ్ట్‌లో కలుస్తారు. మేం డబ్బులు కట్టి సొంత రెల్మ్ తీసుకున్నాం, మేం పిలిచినవాళ్ళు తప్ప ఇంకెవరూ అందులోకి రాలేరు. ఇద్దరూ కలిసి మా అమ్మ వాళ్ళ పాత పెంకుటిల్లు కడుతున్నారు. ఆ ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్‌కి ఇచ్చేశారు, మా అమ్మాయి దాన్ని చూడనే లేదు. అందుకని గుంటూరోడు లాప్‌టాప్ అమ్మమ్మ ఒళ్ళో పెడతాడు, ఆవిడ జోడు సర్దుకుని చూసి "వంటింటి గుమ్మం అటు కాదర్రా, తూర్పుకి. నుయ్యి దొడ్లోకి వెళ్ళగానే ఎడంచేతి పక్క" అంటుంది, వీళ్ళు కట్టింది పగలగొట్టి మళ్ళీ కడతారు. పెంకులకి ఏ బ్లాక్ వాడాలన్న దాని మీద పెద్ద గొడవ, ఇటుక రంగా టెర్రకోట రంగా అని. మా పిల్ల "ఒరేయ్ అక్కడ తవ్వకు, కింద లావా ఉంది, చచ్చిపోతావ్" అని అరుస్తుంటే పక్క గదిలో నాకు నవ్వాగదు, మనబడికి (ఇక్కడి తెలుగు బడి) పంపితే ఇంత తెలుగు రాలేదు.

నష్టం కూడా చెప్తాను. ఇక ఆపమంటే ఏడుపు. బావ రాని వారం మొహం మాడ్చుకుంటుంది. అదీకాక తను ఒక్కతే ఆడే గేములు వేరేవి ఉన్నాయి, వాటిల్లో గంటసేపు ఉండి లేచాక అడిగితే ఏం చేసిందో దానికే గుర్తుండదు. ఒకే టాబ్లెట్, ఒకే పిల్ల, రెంటికీ ఇంత తేడా ఎందుకో నాకు ఇంకా పూర్తిగా అర్థం కాలేదు.

కాకినాడ_వీల్‌చెయిర్ | రాత్రి 11:30
ఈ చర్చలో నాలాంటోడు ఒకడు రాయాలి కాబట్టి రాస్తున్నానండి. యాక్సిడెంట్లో వెన్ను దెబ్బతిని నడుం కింద పనిచెయ్యదు. ఇంట్లోంచి బయటికెళ్ళాలంటే ఇద్దరు మనుషులు కావాలి, వీధిలో రాంపు ఉన్న కొట్టు ఒక్కటీ లేదు. నేను సెకండ్ లైఫ్‌లో ఉంటాను. 2003లో మొదలైన పాత ప్రపంచం అది, లిండెన్ ల్యాబ్ అనే శాన్‌ఫ్రాన్సిస్కో కంపెనీది, కుర్రాళ్ళకి దాని పేరు కూడా తెలీకపోవచ్చు. గ్రాఫిక్సు చూస్తే నవ్వుతారు. కానీ అందులో భూమి కొనుక్కోవచ్చు, కొట్టు పెట్టుకోవచ్చు, వచ్చిన లిండెన్ డాలర్లు అసలు డాలర్లలోకి మార్చుకోవచ్చు. నేను ఆడవాళ్ళ అవతార్లకి (అక్కడ మన బదులు తిరిగే బొమ్మలకి) చీరలు డిజైన్ చేసి అమ్ముతాను. కుచ్చిళ్ళు నడుస్తుంటే కదిలేలా చెయ్యడమే అసలు కష్టం, పల్లు అయితే భుజంలోంచి దూరిపోతుంది, ఆ ఒక్కదానికే వారాలు పడతాయి. పెద్ద ఆదాయం కాదండి, నెట్ బిల్లూ మందులూ వెళ్ళిపోతాయి.

అసలు లాభం డబ్బు కాదు. అక్కడ ఎవరూ "అయ్యో పాపం, ఎలా జరిగిందండీ" అని మొదలెట్టరు. "ఈ అంచు ఆకుపచ్చలో ఉందా" అని మొదలెడతారు.

నార్వేలో మాట్స్ స్టీన్ అని ఒక కుర్రాడుండేవాడు, కండరాలు క్షీణించే జబ్బు (డ్యూషెన్), 2014లో ఇరవై అయిదేళ్ళకే పోయాడు. రోజంతా ఆన్‌లైన్ గేమైన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఉండేవాడు, మా అబ్బాయికి స్నేహమంటే ఏంటో తెలీకుండానే పోతాడని అమ్మానాన్నా బాధపడేవారు. పోయాక అతని బ్లాగులో కబురు పెడితే వేరే వేరే దేశాల నుంచి ఉత్తరాలు, మా ఇంట్లో గొడవ తీర్చింది ఇతనే, నా కష్టంలో మాట్లాడింది ఇతనే అని. కొంతమంది అంత్యక్రియలకి కూడా వచ్చారు. సెటైర్ గారికి నీలం రెక్కల ఫ్రెండు నవ్వులాటగా ఉంది, నాకు కాదండి.

నష్టమంటారా, మా బోటివాళ్ళకి ఒళ్ళే. కుర్చీలో కదలకుండా కూర్చుంటే బెడ్‌సోర్లు వస్తాయి, అవి తెలిసేసరికే లోపలికంటా వెళ్ళిపోతాయి, ఎందుకంటే నొప్పి తెలీదు కదా. అందుకే అరగంటకోసారి మా అమ్మ వచ్చి చేతులమీద పైకి లేవమంటుంది. అమ్మ లేని రోజు ఫోన్లో అలారం.

సీమ_సెటైర్ | రాత్రి 11:41
అన్నా నీ మాటకి నేను ఎదురు చెప్పను. నీ మాదిరోళ్ళకి అది కావల్ల. నేనంటాండేది కాళ్ళుండి వీధిలోకి పోనోళ్ళ గురించి.

బర్న్స్_వార్డు_సిస్టర్ | రాత్రి 11:55
నైట్ డ్యూటీలో ఉన్నా, చిన్నగా రాస్తా. మా వార్డులో కట్లు మార్చేటప్పుడు పిల్లలు పెట్టే కేకలు మీరెవరూ వినకూడదు. మందు ఇచ్చినా ఆ నొప్పి ఆగదు. అమెరికాలో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో హంటర్ హాఫ్‌మన్ అనే ఆయన, ఇంకొంతమంది కలిసి ఇలాంటి పేషెంట్ల కోసమే ఒక వీఆర్ ప్రపంచం తయారుచేశారు, స్నోవరల్డ్ అంటారు. అంతా మంచు, పేషెంటు అందులో తేలుతూ మంచుమనుషుల మీదా పెంగ్విన్‌ల మీదా మంచుముద్దలు విసురుతుంటే ఇటు కట్టు మార్చేస్తారు. మనసు అటు పోవడంతో నొప్పి బాగా తగ్గినట్టు పేషెంట్లే చెప్పారని వాళ్ళ స్టడీలు. ఎత్తంటే భయం, యుద్ధంనుంచి వచ్చిన సైనికుల భయాలు, వీటికి కూడా వీఆర్‌తో వైద్యం ఉంది. మా దగ్గర ఆ హెడ్‌సెట్ లేదు. వాళ్ళమ్మ ఫోన్లో కార్టూన్ పెట్టి మొహం దగ్గర పట్టుకుంటుంది, అదే మా స్నోవరల్డ్. బెల్ కొడుతున్నారు, మళ్ళీ వస్తా.

కరీంనగర్_ఎస్సై_ఆర్పీ | రాత్రి 12:20
గీ టాపిక్ ఇప్పుడు చూసిన. నేను జీటీఏ (గ్రాండ్ తెఫ్ట్ ఆటో గేమ్) రోల్‌ప్లే సర్వర్ల ఎస్సైని. బయట బీటెక్ అయిపోయి ఖాళీగున్నప్పుడు షురూ చేసిన. తెల్వనోళ్ళకు చెప్తున్న, గేమ్ల ఊర్లె కాల్చుకునుడు కాదిది, ఒక్కొక్కరు ఒక్కో వేషం కట్టి గా ఊర్లె బతుకుడు. ఫైవ్‌ఎమ్ అని ఉంటది, దాని మీద ఎవరి సర్వర్ వాళ్ళు నడుపుకుంటరు. మా దాంట్ల అందరు తెలుగోళ్ళే, లోపలికి రావాలంటే ఇంటర్వ్యూ, మైక్ లేకుంటే రానియ్యరు, పద్దెనిమిది నిండకుంటే అస్సలే రానియ్యరు. ఒకడు అంబులెన్స్ నడుపుతడు, ఒకడు లాయర్, ఒకడైతే బస్టాండ్ ముంగట చాయ్ బండి పెట్టి రాత్రంతా గదే, వానికి దొంగతనాలు వద్దు పోలీసులు వద్దు, వచ్చినోనికి చాయ్ పోసి ముచ్చట పెట్టుడే. అందరికంటె ఫేమస్ వాడే.

నాకేమొచ్చిందంటే మాట. కాలేజ్ల సెమినార్ అంటే చెమటలు పట్టేటియి. ఇక్కడ రోజు పదిమందిని ఆపి "బండి కాయితాలు తీయ్" అనాలె, వాడు ఎదురు మాట్లాడితే సమాధానం చెప్పాలె, కోర్టుల నిలబడాలె. ఇప్పుడు ఒక బీపీఓల చేస్తున్న, ఇంటర్వ్యూల ఎక్కడ ఆగలే.

పోయింది నిద్ర. సర్వర్ల అసలు కథ రాత్రి పదకొండు దాటినంకనే షురూ అయితది, సైరన్ మోగినంక మధ్యల లేవరాదు. ఇంకోటి, లోపట గొడవలు బయటికొస్తయి. వాని గ్యాంగును అరెస్ట్ చేసినందుకు ఒకడు ఇన్‌స్టాల మా చెల్లె ఫోటో కింద గలీజు కామెంట్లు పెట్టిండు. డొనేషన్ ఇచ్చినోనికి మంచి కార్లు ఇచ్చుడు కూడ కొన్ని సర్వర్ల ఉన్నది, అట్ల మొదలైందంటే గా ఊరు ఖతమే, పైసలున్నోనిదే రాజ్యం.

పేరెందుకులే | ఉదయం 7:15
ఎస్సై గారూ, మీ సర్వర్లో అమ్మాయిలెంతమంది? నేను అడగడానికి కారణం ఉంది. ఏ గేమ్‌లోనైనా నేను మైక్ ఆన్ చేసిన నిమిషంలో వాతావరణం మారిపోతుంది. మొదట "అక్కా తెలుగా" అంటారు, నంబర్ ఇవ్వకపోతే తర్వాత బూతులు. అందుకని నా స్నేహితురాళ్ళు సగంమంది మగ పేరు, మగ బొమ్మ పెట్టుకుని టైప్ చేస్తూ ఆడతారు. వీఆర్‌లో అయితే ఇంకా దారుణం, ఎవడో చెయ్యి మొహంమీదికి తెస్తే అది బొమ్మ చెయ్యి అని తెలిసినా ఒళ్ళు వెనక్కి జరుగుతుంది. హెడ్‌సెట్ తీసేసినా కాసేపు గుండె దడ తగ్గదు. ఇవి బాగా బయటపడ్డాకే 2022 ఫిబ్రవరిలో మెటావాళ్ళు అవతార్ల మధ్య దాదాపు నాలుగడుగుల దూరం ఉండేలా గీత పెట్టారు. ముందే ఎందుకు తట్టలేదో, కట్టినవాళ్ళలో మనలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో.

అయినా నేను మానలేదు, మానను కూడా. హాస్టల్ గేటు ఎనిమిదికి వేసేస్తారు, మగపిల్లలు బయట టీ తాగుతుంటే మేం గదిలో. వాళ్ళలా రాత్రిపూట ఊరు తిరగడమన్నది నాకు దొరికేది అక్కడే.

పాలమూరు_లెక్కల_టీచర్ | ఉదయం 8:02
నేను ప్రభుత్వ హైస్కూల్లో చెప్తాను. మీరంతా చెప్పేవి టాబ్లెట్టు, లాప్‌టాపు ఉన్న ఇళ్ళ ముచ్చట్లు. మా పిల్లల దగ్గర ఉన్నది నాన్న ఫోను, అది కూడా ఆయన పనినుంచి వచ్చి పడుకున్నాక. కాబట్టి వాళ్ళు ఆడేది రాత్రి పదకొండు నుంచి, పొద్దున నా మొదటి పీరియడ్‌లో బల్లమీద తల. అదీ మగపిల్లలే. ఆడపిల్ల చేతికి ఫోనే ఇవ్వరు, ఇక లాభమేంది నష్టమేంది.

బ్యాన్ చేస్తే పోతదనేవాళ్ళకి ఒక మాట. 2020 సెప్టెంబర్‌లో పబ్‌జీ తీసేశారు, 2021 జులైలో బీజీఎంఐ పేరుతో వచ్చింది, 2022 జులైలో మళ్ళీ స్టోర్లనుంచి మాయం, 2023 మేలో మళ్ళీ ప్రత్యక్షం. ఆ మధ్యకాలంలో మా తొమ్మిదో తరగతివాళ్ళకి వీపీఎన్ అంటే ఏందో, ఏపీకే (స్టోర్ బయట దొరికే యాప్ ఫైలు) ఎక్కడ దొరుకుతదో వచ్చేసింది, త్రికోణమితి మాత్రం రాలేదు. 🙂

ఇంకో సంగతి, మా కాలనీలో జరిగింది, గేమ్ పేరు రాయను. తాత ఫోన్లో యూపీఐ పిన్ చూసి గుర్తుపెట్టుకున్నాడు మనవడు. అందులో తుపాకీకి రంగు వేస్తే డబ్బు, డ్రెస్ మారిస్తే డబ్బు. మెసేజ్‌లు ఇంగ్లీషులో వస్తాయి, తాతకి చదవరాదు. ఎరువుల కోసం దాచిన డబ్బు అది. ఒక్కోటి తక్కువే, ముప్పై, ఎనభై, అట్లనే అయిపోయినయి.

నిద్రలేని_కోడర్ | ఉదయం 9:30
టీచర్ గారూ అదే అసలు మడత. గత ఏడాది, 2025 ఆగస్టులో, డబ్బు పందెం గేముల మీద కేంద్రం చట్టం తెచ్చింది కదా (తెలంగాణ 2017లోనే, ఆంధ్ర 2020లోనే ఆన్‌లైన్ రమ్మీలాంటివి ఆపేశాయి), ఈ తుపాకీ రంగులు దాని కిందికి రావు. గెలిస్తే డబ్బు రాదు కాబట్టి పందెం కాదు. ఉట్టి ఖర్చే.

చేయగలిగింది చెప్తా: ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టాలి. పెద్దాయన ఫోనులో ఉన్న యూపీఐకి అసలు పొదుపు ఖాతా లింక్ తీసేసి చిన్న మొత్తం ఉండే వేరే ఖాతా పెట్టాలి. ఎవడో మోసగాడు లాగేస్తే అది వేరే కేసు, వెంటనే 1930కి (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) ఫోన్ చెయ్యాలి.

బుల్లోడన్నా, రోబ్లాక్స్‌కి తల్లిదండ్రుల అకౌంట్ అని ఉంటుంది, మీ ఐడీతో తెరిచి వాడి అకౌంట్‌కి లింక్ చెయ్యండి. రోజుకి ఎంతసేపు, నెలకి ఎంత ఖర్చు, ఫ్రెండ్సు ఎవరు, అన్నీ మీ ఫోన్లో కనిపిస్తాయి. పుట్టినతేదీ వాడు తప్పు ఇచ్చి ఉంటాడు, అది చూడండి ముందు. పిల్లల్ని పెద్దవాళ్ళు వలలో వేసుకుంటున్నారని అక్కడ కేసులు చాలా అయ్యాయి, టర్కీ అయితే 2024 ఆగస్టులో మొత్తం బ్లాక్ చేసేసింది. చాట్‌కి వయసు పరీక్ష పెట్టారు ఇప్పుడు, కెమెరాకి మొహం చూపించాలి. అది కూడా మోసం చెయ్యడానికి పిల్లలు అన్నయ్య మొహం చూపిస్తారు, కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు.

బెజవాడ_బుల్లోడు | ఉదయం 10:12
చూశా. మావాడి పుట్టినతేదీ ప్రకారం వాడికి ఇరవై మూడేళ్ళు. 🤦 మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

ఇంతకీ దీన్ని వ్యసనం అనొచ్చా? అది తేల్చమంటుంది.

బర్న్స్_వార్డు_సిస్టర్ | ఉదయం 11:05
డ్యూటీ దిగా. డబ్ల్యూహెచ్ఓ జబ్బుల జాబితాలో (ఐసీడీ-11, 2022 జనవరి నుంచి) గేమింగ్ డిజార్డర్ ఉంది. కానీ ఎక్కువసేపు ఆడినంతమాత్రాన కాదు. ఆపుకోలేకపోవడం, తిండీ నిద్రా చదువూ స్నేహాలూ అన్నిటికంటే అదే ముందు కావడం, నష్టం కనిపిస్తున్నా కొనసాగించడం, ఇవి మామూలుగా ఏడాదిపాటు ఉంటేనే ఆ మాట అంటారు. సెలవుల్లో ఇడ్లీ తింటూ ఆడితే ఆ పేరు పెట్టకండి. ఫోను లాక్కుంటే చెయ్యి చేసుకోవడం, స్నానం మానెయ్యడం, స్కూలుకి వెళ్ళకపోవడం కనిపిస్తే మాత్రం ఆలస్యం చెయ్యొద్దు. బెంగళూరు నిమ్హాన్స్‌లో (మానసిక ఆసుపత్రి) దీనికోసమే 2014 నుంచి షట్ క్లినిక్ నడుస్తోంది. అంతదూరం వెళ్ళలేకపోతే టెలీమానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.

సీమ_సెటైర్ | మధ్యాహ్నం 12:40
ఇరవై మూడేళ్ళోడికి పెండ్లి సూడు బుల్లోడన్నా 😂

నేనింగా అదే మాట మీద ఉండా. డాలస్ అక్క ఇంట్లో బాగుండాదంటే ఆ పిల్లోళ్ళు ముందే బావామరదళ్ళు, అవ్వ పక్కనే కూచోని ఉండాది, బయటోడు రాడు, అంగడి లేదు. కాకినాడన్న కత గూడ అంతే, ఆయప్పే అమ్మేటోడు. యాడ సూసినా చెడు వచ్చింది అంగడి కాణ్ణించి, లేకుంటే మొగం తెలీనోడి కాణ్ణించి. ఆ రెండూ తీసేసి ఇచ్చే కంపెనీ ఒగటి సూపిచ్చు, నేనే మా పాపకి పెడ్తా.

నిద్రలేని_కోడర్ | మధ్యాహ్నం 1:05
ఉంది. లుఆంటీ అని, మొన్నటిదాకా మైన్‌టెస్ట్ అనేవారు, 2024లో పేరు మార్చారు. మైన్‌క్రాఫ్ట్‌లాంటి బ్లాకుల ప్రపంచమే, ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది), పైసా లేదు, స్కిన్లు (బొమ్మల బట్టలు, రంగులు) అమ్మే షాపు లేదు. నెట్ లేకపోయినా పాత కంప్యూటర్లు నాలుగు ఒక రూటర్‌కి కలిపితే ఆ గదిలోవాళ్ళు మాత్రమే ఆడుకోవచ్చు. అందం కొంచెం తక్కువే. కంపెనీ కాదు, వాలంటీర్లు చేసేది, అందుకే ప్రకటనలు కూడా కనిపించవు, ఎవరికీ తెలీదు.

పాలమూరు_లెక్కల_టీచర్ | మధ్యాహ్నం 1:20
ఇది నాకు కావాలి. మా ల్యాబ్‌లో కంప్యూటర్లు కొన్ని దుమ్ము పట్టి ఉన్నయి, నెట్ వస్తే వస్తది లేకుంటే లేదు. ఘనపరిమాణం చెప్పేటప్పుడు పిల్లలతో ట్యాంకు కట్టించొచ్చు, ఆడపిల్లలు కూడా కూర్చుంటరు, స్కూలే కదా. 4 జీబీ ర్యామ్ సరిపోతదా? పెన్‌డ్రైవ్‌లో తీసుకపోవచ్చా?

నిద్రలేని_కోడర్ | మధ్యాహ్నం 1:26
సరిపోతుంది. విండోస్‌కి జిప్ ఫైల్ ఉంటుంది, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు. ఇంజిన్ ఒక్కటే వస్తుంది, గేమ్ విడిగా దించుకోవాలి, మైన్‌టెస్ట్ గేమ్ అనేది చాలు. ముందు మీ ఇంట్లో దించుకుని ఒకసారి తెరిచి చూసుకుని తీసుకెళ్ళండి, ల్యాబ్‌లో నెట్ లేనప్పుడు వెతుక్కోలేరు. ఒక కంప్యూటర్లో "హోస్ట్ సర్వర్" టిక్ పెట్టి మిగతావాటిలో దాని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్ నంబరు) కొట్టడమే. ఎక్కడైనా ఆగితే స్క్రీన్ ఫోటో ఇక్కడే పెట్టండి.

కాకినాడ_వీల్‌చెయిర్ | మధ్యాహ్నం 1:50
టీచర్ గారూ, పిల్లలకి కట్టడం నేర్పడానికి మనిషి కావాలంటే నేనున్నానండి. స్కూలుకి రాలేను, కానీ వీడియో కాల్‌లో చూపిస్తాను. మధ్యాహ్నాలు ఖాళీయే.